వడపళని సందులో ఓ గిటార్ మాస్టర్: బిగుసుకుపోయిన పార్టులు తీయించాలంటే మాత్రమే వెళ్లండి

ముందే చెప్పేస్తాను, ఇది గిటార్లు అమ్మే షాపు గురించి కాదు. కొత్త తీగలు వేసి గంటలో సెటప్ చేసిచ్చే చోటు గురించి కూడా కాదు, ఆ పని మీద వెళ్తే ఈయన మిమ్మల్ని మెట్ల మీద నుంచే తిప్పి పంపినా పంపుతాడు. గిటార్‌లో ఏదో ఒక పార్టు తుప్పు పట్టో, జిగురు గట్టిపడో కదలకుండా కూర్చుంది, దాన్ని చుట్టూ ఉన్న పాలిష్‌కి గీత పడకుండా బయటికి తీయాలి, ఇదొక్కటే మీ బాధ అయితే చదవండి. కాస్త పెద్దదే రాస్తున్నాను, ఎందుకంటే ఇందులో సగం నా తెలివితక్కువ పనుల చిట్టా.

చెన్నైలో వడపళని మురుగన్ గుడి నుంచి నడిచి వెళ్లేంత దూరం. జెరాక్స్ షాపు పక్కన ఇరుకు మెట్లు, మొదటి అంతస్తు, ఒకే గది. బోర్డు లేదు, మ్యాప్‌లో లేదు, పేరు ఎక్కడా రాయొద్దని ఆయనే అన్నాడు కాబట్టి నేనూ రాయట్లేదు. లోపల గోడకి వయొలిన్లు, ఒక మూల పగిలిన వీణ కుండ, డొక్కు హార్మోనియం, నాలుగైదు గిటార్లు. మనిషికి అరవై దాటి ఉంటాయి, అందరూ మాస్టర్ అనే పిలుస్తారు. నేను వచ్చీరాని అరవంలో మొదలుపెడితే రెండో వాక్యానికే ఆపి "తెలుగులోనే చెప్పు బాబూ, మా ఇంట్లో తెలుగే" అన్నాడు. తెలుగు సినిమా ఇంకా మద్రాసులోనే ఉన్న రోజుల్లో వాళ్ల నాన్న రికార్డింగులకు వాయించేవాళ్ల వయొలిన్లు బాగుచేసేవాడట. ఈ కథ చాలాసేపు నడుస్తుంది, తొందర పనులున్న రోజు వెళ్లకండి.

ఇక నా గిటార్. ఎపిఫోన్ లెస్ పాల్ అనే ఎలక్ట్రిక్ గిటార్, కొరియాలో తయారైనది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నేనుండేది తిరువాన్మియూర్‌లో, బీచ్ రెండు వీధుల అవతల. గాలి బాగా వస్తుందని గిటార్‌ని కిటికీ పక్కనే స్టాండ్‌లో పెట్టి దాదాపు రెండేళ్లు అలాగే వదిలేశాను, మధ్యలో తీగలు కూడా మార్చలేదు. గిటార్‌కి గాలిలో తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే మంచిదంటారు, చెన్నైలో ఏసీ వేయకుండా ఆ అంకె చూడాలంటే అదృష్టం ఉండాలి. తేమ ఒక్కటే అయితే ఇంత ఘోరం జరిగేది కాదేమో, సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కదా, అది లోహం మీద పల్చగా పేరుకుని తేమని పట్టి ఉంచుతుంది. మా బాల్కనీ గ్రిల్లు ఏడాదికోసారి పెయింట్ అడుగుతుందని తెలిసీ గిటార్‌ని అక్కడే పెట్టానంటే ఎవర్ని తిట్టుకోవాలి.

తెలియని వాళ్ల కోసం ఒక్క మాట. ఈ రకం గిటార్‌లో తీగల చివర్లని పట్టుకునే అడ్డబద్ద ఒకటి ఉంటుంది, టెయిల్‌పీస్ అంటారు. దాన్ని రెండు లావుపాటి మరలు మోస్తాయి, వాటిని స్టడ్‌లంటారు. ఆ స్టడ్‌లు చెక్కలోకి దిగవు, చెక్కలో దిగ్గొట్టిన లోహపు గొట్టాల్లోకి దిగుతాయి, అవి బుష్‌లు. దాని ముందు తీగలు ఆనుకునేది బ్రిడ్జ్, గిబ్సన్ వాళ్లు 1954లో లెస్ పాల్ కస్టమ్ మీద తెచ్చిన డిజైనే, ఒక్కో తీగకి ఒక్కో చిన్న స్క్రూ ఉండి ఆ తీగ ఆనే చోటుని ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. నా దాంట్లో రెండు స్టడ్‌లూ బిగుసుకుపోయాయి, బ్రిడ్జ్ స్క్రూల్లో ఆరింటికి నాలుగు తిరగట్లేదు, ఒక నాబ్ ఊడి రావట్లేదు, ఇవి చాలవన్నట్టు పట్టీ తగిలించే బటన్ స్క్రూ నేను విప్పబోతే తల తెగి చేతిలోకి వచ్చింది, మిగతా ముక్క చెక్కలోనే ఉండిపోయింది.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. ఇంట్లో డబ్ల్యూడీ-40 డబ్బా ఉంది కదా అని స్టడ్‌ల చుట్టూ కొట్టాను. ఒకసారి కాదు, మూడు రోజులు, పొద్దునా సాయంత్రం మొక్కకి నీళ్లు పోసినట్టు. ఫలితం సున్నా. (ఈ సంగతి చెప్పినప్పుడు మాస్టర్ మొహం చూడాల్సింది. దాని పేరులోని డబ్ల్యూ, డీ అంటే నీటిని తరిమేది అని అర్థం, 40 అంటే నలభయ్యో ప్రయత్నంలో కుదిరిందని, 1953 నాటి సరుకు. బయటి తేమని తోలడానికి బాగానే ఉంటుంది గానీ, చెక్కలో దిగిన బుష్ చుట్టూ కొడితే అది మరల్లోకి పోయేలోపు చెక్క తాగేస్తుంది. నూనె తాగిన చెక్క మీద తర్వాత జిగురు పట్టదు, రంగు పట్టదు, మచ్చ ఎటు పాకుతుందో చెప్పలేం.)

తర్వాత ఒక పెద్ద షాపుకి తీసుకెళ్లాను. పేరు అడగొద్దు, రాయను. ఏసీ గది, గాజు తలుపు, కౌంటర్ వెనక కుర్రాడు గుడ్డముక్క చుట్టి ప్లయర్‌తో స్టడ్ తల పట్టుకుని గట్టిగా మెలితిప్పాడు. కర్రుమని శబ్దం వచ్చింది. తిరిగింది, తిరిగింది అని నేను సంబరపడ్డాను కూడా. తిరిగింది స్టడ్ కాదు, స్టడ్‌తో కలిసి బుష్ మొత్తం చెక్కలో తిరిగింది. చుట్టూ పాలిష్ చక్రంలా చిట్లింది, ఒకచోట కందిబద్దంత పెచ్చు లేచిపోయింది. "పాత గిటార్ సార్, ఇలాగే ఉంటాయి" అన్నాడు, పైగా చూసినందుకు 300 తీసుకున్నాడు. ఇంటికొచ్చి ఆంప్లిఫయర్‌లో పెడితే కొత్త జబ్బు, జుయ్‌మని హమ్. మామూలుగా తీగల మీద చెయ్యి పెట్టగానే ఆ హమ్ తగ్గాలి, ఇప్పుడు చెయ్యి పెట్టినా అదే మోత. ఆ రాత్రి నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. మా ఆఫీసులో బేస్ గిటార్ వాయించే అరవ స్నేహితుడొకడు ఉన్నాడు, వాడే ఈ మాస్టర్ దగ్గరికి దారి చెప్పాడు.

మాస్టర్ గిటార్ తీసుకుని మొదటి అరగంట ఏమీ చేయలేదు. నిజంగా ఏమీ చేయలేదు. టేబుల్ మీద దుప్పటి పరిచి, గిటార్ మెడ కింద చిన్న దిండు పెట్టి, బల్బు దగ్గరికి లాక్కుని చూస్తూ కూర్చున్నాడు. నాకు లోపల టెన్షన్, ఆయన టీ తాగుతున్నాడు. తర్వాత తీగలు ఒక్కొక్కటిగా కొంచెం కొంచెం వదులు చేసుకుంటూ వచ్చాడు, అన్నీ ఒక్కసారి కత్తిరించలేదు. ఆపైన వెనక మూత విప్పి, లోపల బయటికి కనిపించని మూలలో దూదిపుల్లతో థిన్నర్ ఒక్క చుక్క అద్ది వేలితో తాకి చూశాడు. జిగటగా రాలేదు. "ఇది పాలీ, పర్లేదు, మొండిది" అన్నాడు.

ఈ ఒక్క పరీక్ష తెలియక చాలామంది గిటార్లు పాడుచేసుకుంటారట. అమెరికాలో తయారయ్యే గిబ్సన్‌ల మీద ఉండేది నైట్రోసెల్యులోజ్ లాకర్, పల్చగా ఉంటుంది, థిన్నర్ గానీ అసిటోన్ గానీ తగిలితే కరుగుతుంది. దాని మీద మామూలు టేప్ అంటించి పీకితే పాలిష్ టేప్‌తో పాటే వచ్చేయొచ్చు, అంతెందుకు, స్టాండ్‌కి ఉండే రబ్బరు తగులుతూ ఉంటే చాలు, అక్కడ మెత్తబడి మచ్చ పడుతుంది. నా దానిలాంటి ఎపిఫోన్‌ల మీద పాలీ ఉంటుంది, ప్లాస్టిక్ తొడుగులా మందంగా. థిన్నర్‌కి అంత సులువుగా లొంగదు గానీ, దీని గుణం వేరు, అంచు దగ్గర లేపితే పెచ్చులుగా ఎగిరిపోతుంది. పాత క్లాసికల్ గిటార్ల మీద చేత్తో పూసే లక్క పాలిష్ ఉంటే దానికి స్పిరిట్ కూడా శత్రువే. పేరుకున్న జిడ్డు తుడవడానికి ఆయన వాడేది సిగరెట్ లైటర్‌లో పోసే ఇంధనం, నాఫ్తా, అది నైట్రోని గానీ పాలీని గానీ ఏమీ చేయదు, ఆరిపోతుంది కూడా. పక్కన అగ్గిపుల్ల వెలిగించకుండా ఉంటే చాలు.

నాబ్ పని రెండు నిమిషాలు. స్క్రూడ్రైవర్ కింద దూర్చి పైకి లేపబోతే పాలిష్ మీద నొక్కు పడుతుంది, నాబ్ కూడా పగులుతుంది, నేను సరిగ్గా అదే చేయబోయి ఆగాను. ఆయన ఒక పాత చేతిరుమాలు సన్నగా మెలిపెట్టి నాబ్ కింద చుట్టూ దూర్చి, రెండు కొసలూ కలిపి పట్టుకుని నిలువుగా పైకి లాగాడు. పుటుక్కున వచ్చింది. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, కాకపోతే పక్కన చిన్న స్క్రూతో బిగించే లోహపు నాబ్ కాదని ముందు చూసుకోండి, అలాంటిదాన్ని ఎంత లాగినా రాదు.

బ్రిడ్జ్‌ని మొత్తంగా పైకి ఎత్తేసి గిటార్‌కి దూరంగా పెట్టాడు. అక్కడ మాత్రం నూనె వాడాడు, తుప్పు వదిలించే నూనె, సాసర్‌లో పోసి బ్రిడ్జ్‌ని రాత్రంతా అందులో నానబెట్టాడు. "చెక్క మీద ఉన్నదానికి నూనె పెట్టకు, చెక్క నుంచి విడదీశాక ఎంతైనా పోసుకో" అన్నది ఈయన పద్ధతి. మర్నాటికి మూడు స్క్రూలు తిరిగాయి, నాలుగోది తల అరిగిపోయి రాలేదు. కొత్త బ్రిడ్జ్ కొనుక్కోమన్నాడు, ఇంత అరిగినదాని మీద మీ డబ్బు, నా టైమ్ దండగ అన్నాడు. అది నాకు నచ్చింది. తనకి రాదని చెప్పకుండా నాలుగు గంటలు కూలి రాసుకునే వాళ్లని చూశాను మరి.

స్క్రూడ్రైవర్ల గురించి కూడా ఒక క్లాసు పడింది. ప్లస్ గుర్తు ఉన్నవన్నీ ఒకటే అనుకుంటాం కదా, కాదట. మామూలు ఫిలిప్స్ కొన గట్టిగా తిప్పితే స్క్రూ తలలోంచి పైకి జారిపోతుంది, జారినప్పుడల్లా తల కొంచెం అరుగుతుంది, జారిన కొన వెళ్లి పక్కన పాలిష్ మీద గీస్తుంది. జపాన్ వాళ్ల జేఐఎస్ ప్రమాణంలో కొన వేరేగా ఉంటుంది, వాళ్ల స్క్రూలో లోతుగా కూర్చుంటుంది. జపాన్ గిటార్ల కోసమని ఆయన కొనుక్కున్న వెస్సెల్ కంపెనీ స్క్రూడ్రైవర్ నా కొరియా గిటార్ పికప్ (తీగల కదలికని పట్టి ఆంప్లిఫయర్‌కి పంపేది) రింగుల స్క్రూల్లో కూడా చక్కగా కూర్చుంది. నేనూ తర్వాత ఒకటి తెప్పించుకున్నాను, ఇన్నాళ్లూ ఏ దరిద్రంతో పనిచేశానా అనిపించింది. అలెన్ కీల సంగతీ అంతే, అమెరికా గిటార్లలో చాలావాటికి అంగుళాల కొలత, ఆసియాలో చేసినవాటికి మిల్లీమీటర్లు. దగ్గరదగ్గరగా ఉందని ఒకదానికి ఇంకొకటి పెట్టి తిప్పితే లోపల ఆరు మూలలూ గుండ్రంగా అయిపోతాయి, ఆపైన దేవుడే దిక్కు.

ఇక అసలు పని, స్టడ్‌లు. దీనికోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

పోస్ట్‌కార్డు మందం అట్టకి చిల్లు చేసి స్టడ్ చుట్టూ తొడిగాడు, ఏదైనా జారినా అట్ట మీదే గీత పడేలా. పెద్ద సోల్డరింగ్ ఐరన్ తీశాడు, రిచీ స్ట్రీట్‌లో సర్క్యూట్ బోర్డుల వాళ్లు వాడే సన్నది కాదు, బొటనవేలంత కొన ఉన్నది. కొసని స్టడ్ తల గాడిలో ఆనించి పట్టుకున్నాడు. రెండో చేతి వేలు స్టడ్ పక్కన పాలిష్ మీద పెట్టి ఉంచాడు, మొత్తం కిటుకు ఆ వేలిదే. వేలు ఓర్చుకోలేనంత వేడి పాలిష్‌కి చేరిందంటే వెంటనే ఐరన్ తీసేస్తాడు, లేకపోతే పాలిష్ బుడగలు లేస్తుంది. వేడికి లోహం ఉబ్బుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది, ఆ కదలికకి మరల మధ్య పట్టిన తుప్పు పొడిపొడిగా విడిపోతుంది. కాబట్టి వేడి చేయడం ఎంత పనో ఆగడం కూడా అంతే పని. వేడి, ఆగడం, మళ్లీ వేడి, మళ్లీ ఆగడం, ఇలా నాలుగు సార్లు. మధ్యలో ఒకసారి ఆయన కిందికి వెళ్లి పాలు కూడా తెచ్చుకున్నాడు.

తర్వాత గాడికి సరిగ్గా సరిపోయే వెడల్పాటి స్క్రూడ్రైవర్ పెట్టి, విప్పే వైపు కాదు, ముందు బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పాడు. టిక్ అని చిన్న శబ్దం. ఆ తర్వాత విప్పే వైపు తిప్పితే ఎడమ స్టడ్ మెల్లగా కదిలింది, ఎర్రటి పొడి రాలుస్తూ పైకి వచ్చింది. పావు చుట్టు విప్పడం, అందులో సగం వెనక్కి బిగించడం, మళ్లీ పావు చుట్టు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది.

రెండోది, అదే ఆ ప్లయర్ దెబ్బ తిన్నది, అంత సులువుగా రాలేదు. స్టడ్ వదిలింది గానీ బుష్ చెక్కలో వదులైపోయి ఆడుతోంది, పైగా దాన్ని మొత్తానికి బయటికి తీయక తప్పదన్నాడు. కారణం ఆ హమ్. కంట్రోల్స్ ఉన్న గూటి నుంచి ఒక సన్నని వైరు చెక్కలోని రంధ్రం గుండా వచ్చి బుష్‌కి తగులుతుంది, అదే తీగలకి గ్రౌండ్, అంటే ఎర్త్ వైరు. బుష్ గిర్రున తిరిగినప్పుడు ఆ వైరు తెగింది. ఇది ఆ గాజు తలుపు షాపులో ఎవరికీ తెలియదో, తెలిసీ చెప్పలేదో.

బుష్ తీసే పద్ధతి చూసి నేను నోరెళ్లబెట్టాను. ముందు కొత్త బ్లేడు తీసుకుని బుష్ అంచు వెంబడే పాలిష్‌ని కోశాడు, నొక్కకుండా, నాలుగైదు చుట్లు, ఒక్కో చుట్టులో కాస్త కాస్త లోతుగా. పాలీ తొడుగు చెక్క మీద నుంచి బుష్ అంచు దాకా ఒకే పొరగా పాకి ఉంటుంది, కోయకుండా బుష్ లేపితే ఆ పొర మొత్తం లేస్తుంది. అంత పెచ్చు లేచిపోవడానికి సగం కారణం అదేనట. తర్వాత టూత్‌పిక్ దూర్చి బుష్ అడుగు తెరిచే ఉందని నిర్ధారించుకున్నాడు, లోపల చిన్న వాషర్, దాని మీద ఇనప కడ్డీ ముక్క ఒకటి వేశాడు, ఆపైన ఎనిమిది మిల్లీమీటర్ల పొడుగాటి బోల్టు బిగించడం మొదలుపెట్టాడు. (అమెరికా గిబ్సన్ అయితే అంగుళాల మర, ఈ బోల్టు ఎక్కదు.) బోల్టు కిందికి దిగి కడ్డీని నొక్కుతుంది, కడ్డీ అడుగున చెక్కని తన్నిపట్టి నిలబడుతుంది, ఇక బోల్టు కిందికి పోలేదు కాబట్టి బుష్ పైకి రావాల్సిందే. లారీ టైరు మార్చేటప్పుడు జాకీ ఎలా లేపుతుందో అలా. సుత్తి లేదు, ప్లయర్ లేదు, పాలిష్ మీద ఏదీ ఆనలేదు. బోల్టు ఒక్కో చుట్టుకీ బుష్ బియ్యపుగింజంత పైకి లేచి చివరికి చేతిలోకి వచ్చింది. బుష్ అడుగున తెగిన వైరు కొస కనబడింది, నిగనిగలాడుతూ.

కొత్త వైరు వేశాడు. వదులైన రంధ్రం గోడకి కాగితంలాంటి పల్చటి చెక్క పొర జిగురుతో అంటించాడు, మర్నాడు బుష్‌ని చెక్కదిమ్మ అడ్డం పెట్టి ప్రెస్‌తో నిదానంగా దించాడు. చిట్లిన పాలిష్‌లో సూదిమొనతో ఫెవిక్విక్‌లాంటి పల్చటి గ్లూ చుక్కలు చుక్కలుగా నింపి, ఆరాక వెయ్యి నంబరు, రెండు వేల నంబరు ఎమిరీ పేపర్లతో నీళ్లు పెట్టి అరగదీసి, గుడ్డతో మెరుగు పెట్టాడు. నిజం చెప్పాలంటే జాడ పూర్తిగా పోలేదు. ట్యూబ్‌లైట్ కింద వంచి చూస్తే సన్నటి చక్రం కనబడుతుంది. కందిబద్ద పెచ్చు ఉన్నచోట రంగు ఒక పిసరు ముదురు. "ఇది నీకు కనబడుతుంది, నాకు కనబడుతుంది, వినేవాడికి కనబడదు" అన్నాడు, నాకు మాత్రం గిటార్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ కళ్లు అక్కడికే పోతున్నాయి.

పట్టీ బటన్‌లో తెగిన స్క్రూ ముక్క సంగతి. సన్నటి ఇనప గొట్టం కొసని ఫైల్‌తో రంపప్పళ్లలా గీసి, డ్రిల్‌కి బిగించి, వెనక్కి తిప్పుతూ స్క్రూ చుట్టూ చెక్కలోకి దించాడు. లోపలికి దిగేకొద్దీ ఆ పళ్లు స్క్రూని కూడా విప్పే వైపే తిప్పుతాయి. ముక్క బయటికి వచ్చేసింది. మిగిలిన రంధ్రంలో చెక్క మేకు ఫెవికాల్‌తో దించి, రాత్రంతా ఆరనిచ్చి కొత్తగా తొలిచాడు. ఇది చూడ్డానికి పెద్ద విశేషంగా ఉండదు గానీ, డ్రిల్ ఒక్క క్షణం పక్కకి జారితే పోయేది మన గిటార్ పాలిష్, ఇంట్లో చేయొద్దు. కొత్త స్క్రూలకి బిగించేముందు కొవ్వొత్తి మైనం రాశాడు. సబ్బు రాయొద్దు, సబ్బు తేమని లాగుతుంది, మళ్లీ తుప్పు పడుతుంది అన్నాడు. మా నాన్న మంచం స్క్రూలకి జీవితాంతం సబ్బే రాశాడు, ఆ సంగతి చెప్పలేదు.

మొత్తం మూడు సార్లు తిరిగాను, తొమ్మిది రోజులు పట్టింది. కూలి 2,200, స్టడ్‌లు ఒక జత, వైరు, స్క్రూలు కలిపి ఇంకో 650, బ్రిడ్జ్ నేను విడిగా కొనుక్కున్నాను. ఇది ఎక్కువా తక్కువా అంటే, కొత్త పాలిష్ వేయించాల్సి వస్తే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు, ఇరవై నిమిషాల్లో స్క్రూ విప్పించుకోవాలని వెళ్లేవాడికి మాత్రం ఎక్కువే.

ఇక తిట్లు. ఫోన్ ఎత్తడు. రేపు రమ్మంటే ఎల్లుండి అని అర్థం చేసుకోవాలి. రెండోసారి వెళ్తే తలుపుకి తాళం, కింద జెరాక్స్ అబ్బాయి "మాస్టర్ పెళ్లికెళ్లారు" అన్నాడు, ముందురోజు నాకు ఆ మాట చెప్పలేదు. బిల్లు ఇవ్వడు, ఒక చీటీ మీద అంకెలు రాసి ఇస్తాడు. బండి పెట్టడానికి చోటు లేదు, మెట్రోలో వెళ్లి నడవడమే నయం, గిటార్ భుజాన వేసుకుని ఆ మెట్లెక్కేటప్పుడు మెడ గోడకి తగలకుండా చూసుకోండి, నాది ఒకసారి తగిలింది. సెటప్ సరిగ్గా చేయడు, తీగల ఎత్తు నాకు నచ్చలేదు, ఇంటికొచ్చి నేనే సరిచేసుకున్నాను. ఎలక్ట్రానిక్స్ కూడా ఈయన బలం కాదు, వైరు అతికించడం వరకే. పైగా మనం ముందు ఏం చేశామో దాచిపెడితే ఊరుకోడు. నూనె కొట్టానని నేను ముందే చెప్పకపోయి ఉంటే ఆ రంధ్రంలో జిగురు పట్టేది కాదట, నా నిజాయితీ పుణ్యమా అని ముందు నాఫ్తాతో లోపలంతా తుడిచి రెండు రోజులు ఆరబెట్టాడు. ఆ తొమ్మిది రోజుల్లో రెండు నా ఖాతాలోవే.

అకూస్టిక్ గిటార్ వాళ్లకి ఒక చిన్న మాట, ఇది నేను అడిగితే చెప్పాడు. తీగల్ని పట్టే బ్రిడ్జ్ పిన్ను వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటే ప్లయర్‌తో పీకకండి, తల విరుగుతుంది, లేదా ప్లయర్ జారి పైచెక్క మీద పడుతుంది. తీగ వదులు చేసి, సౌండ్‌హోల్‌లోంచి చెయ్యి పెట్టి, లోపల కిందికి పొడుచుకొచ్చిన పిన్ను కొసని రూపాయి బిళ్లతో పైకి నెట్టండి. వచ్చేస్తుంది. మా చెల్లెలి గిటార్ మీద చేసి చూశాను, వచ్చింది.

ఆ గిటార్‌కే ఇప్పుడు నట్ మార్చాలి, అంటే మెడ చివర తీగలు కూర్చునే తెల్లటి ముక్క. పాలిష్ దాని అంచు మీదికి పాకి ఉంది, ముందు బ్లేడుతో ఆ గీత కోయకుండా తడితే పక్కన పాలిష్ లేస్తుందట. వచ్చే నెల తీసుకురమ్మన్నాడు, అప్పటిదాకా ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పాడు. ముట్టుకోలేదు. వేలితో ఒక్కసారి కదిపి చూశాను, అంతే.